బరువు తగ్గించే గ్రూపు నడుపుతూ ఇంటి అప్పులు తీర్చడం ఎలా? మొదటి కాగితం నుంచి చివరి వాయిదా దాకా

మా పొద్దుటి గ్రూపు హైదరాబాద్ యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో నడుస్తుంది. ఆదివారం తూకం అయిపోయి అందరూ చెప్పులు వేసుకుంటుండగా ఎవరో ఒకరు నన్ను పక్కకు తీసుకెళ్లి అడుగుతారు: "అక్కా, నేను కూడా మా కాలనీలో గ్రూపు పెట్టాను. సభ్యులు బాగానే వస్తున్నారు. కానీ ఇంట్లో అప్పు తగ్గట్లేదు. మీరు ఎట్లా తీర్చారు?"

నిలబడి రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదిది. అందుకే వరుసగా రాస్తున్నాను. ఇక్కడి అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి. వాటి స్థానంలో మీ అంకెలు వేసుకుని చదవండి.

1. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు ఖాళీ చేసుకోండి. ఇంట్లో జీతం తెచ్చే మనిషి కూడా పక్కన ఉండాలి. ఒక్కరే కూర్చుని వేసిన లెక్క రెండో నెలకే గొడవగా మారుతుంది.

- గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, యూపీఐ హిస్టరీ
- ప్రతి క్రెడిట్ కార్డు చివరి బిల్లు
- గోల్డ్ లోన్ చీటీ, నోట్లు రాసి తెచ్చిన అప్పుల వివరం
- చిట్టీ పాట పాడుకుని ఉంటే ఇంకా ఎన్ని నెలలు కట్టాలో
- గ్రూపు హాజరు పుస్తకం, ఎవరు ఎంత ఫీజు కట్టారో రాసిన జాబితా
- ఒక పొడవాటి నోట్‌బుక్, పెన్ను

ఫోన్‌లో యాప్ ఉన్నా సరే, మొదటి మూడు నెలలు చేత్తోనే రాయండి. చేత్తో రాసిన అంకె గుర్తుంటుంది.

2. బాకీలన్నీ ఒకే కాగితం మీదకు తెండి

ఒక్కో అప్పుకు నాలుగు వివరాలు రాయాలి: ఎవరికి, అసలు ఎంత మిగిలింది, వడ్డీ ఎంత, ఆలస్యమైతే ఏమవుతుంది.

మన ఇళ్లలో వడ్డీని రూపాయల్లో చెప్పుకుంటాం, బ్యాంకులు శాతాల్లో చెబుతాయి. రెండు రకాలుగా రాసుకుంటే పోల్చడం కుదరదు. అన్నిటినీ రూపాయల్లోకి మార్చండి. నూటికి నెలకు ఒక రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24 శాతం. క్రెడిట్ కార్డు బిల్లు మీద చిన్న అక్షరాల్లో నెలకు 3.5 శాతం అని ఉంటే అది మూడున్నర రూపాయల వడ్డీ, ఏడాదికి 42 శాతం. ఊళ్లో ఎవరైనా మూడున్నర రూపాయలు అడిగితే గడప తొక్కం. కార్డు మీద మాత్రం అడగకుండానే కట్టేస్తున్నాం.

ఉదాహరణ కాగితం ఇలా ఉందనుకోండి:

- క్రెడిట్ కార్డు: 78,000, మూడున్నర రూపాయల వడ్డీ
- తెలిసినవాళ్ల దగ్గర తెచ్చినది: 60,000, రెండు రూపాయల వడ్డీ
- గోల్డ్ లోన్: 1,10,000, రూపాయి వడ్డీ
- అన్నయ్య దగ్గర చేబదులు: 40,000, వడ్డీ లేదు

మొత్తం 2,88,000. నెలకు వడ్డీ 2,730, 1,200, 1,100 కలిపి 5,030. కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 491. అంటే అసలులో ఒక్క రూపాయి కూడా తగ్గకుండా నెలకు 5,521 పోతున్నాయి.

ఇప్పుడు ఆ కార్డు బిల్లును దగ్గరగా చూడండి. పైన పెద్ద అక్షరాల్లో "కనీసం కట్టాల్సింది" అని ఒక చిన్న మొత్తం ఉంటుంది. అది 5 శాతం అనుకుంటే 3,900. మీరు టెన్షన్ తీరిందనుకుని ఆ 3,900 కడతారు. అందులో వడ్డీ, జీఎస్టీకి 3,221 పోతుంది. అసలులో తగ్గేది 679. ఆ నెలలో అదే కార్డు మీద 700 పెట్టి పెట్రోలు, కూరగాయలు కొంటే అప్పు ఉన్నచోటే ఉంటుంది. పైగా పాత బాకీ మిగిలి ఉన్నప్పుడు కొత్తగా కొన్నదానికి వడ్డీ లేని గడువు దొరకదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది.

మర్చిపోయిన అప్పులు బయటపడాలంటే క్రెడిట్ రిపోర్టు, అంటే మీ పేరు మీదున్న లోన్లు, కార్డుల చిట్టా, తీయండి. సిబిల్‌తో సహా ప్రతి క్రెడిట్ సమాచార సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఎప్పుడో మూసేశామనుకున్న కార్డు మీద బాకీ కనిపించిన ఇళ్లు నాకు తెలుసు.

3. డబ్బును మూడు చోట్ల పెట్టండి

ఇంటి డబ్బు, గ్రూపు డబ్బు, బాకీల డబ్బు. ఈ మూడూ ఒకే ఖాతాలో ఉన్నంతకాలం మీకు గ్రూపు లాభమో నష్టమో తెలియదు.

- గ్రూపు కోసం వేరే బ్యాంకులో జీరో బ్యాలెన్స్ సేవింగ్స్ ఖాతా తెరవండి. ఫీజు క్యూఆర్ కోడ్ ఆ ఖాతాదే ఉండాలి.
- ఎవరైనా నగదు ఇస్తే ఆ రోజే ఆ ఖాతాలో వేయండి. పర్సులో పెట్టుకుంటే దారిలో పాల ప్యాకెట్‌కే పోతుంది.
- బాకీలకు కేటాయించిన మొత్తం జీతం పడిన మర్నాడే మూడో ఖాతాకు వెళ్లిపోవాలి. నెలాఖరుకు మిగిలితే కడదాం అనుకుంటే మిగలదు.

గ్రూపు నుంచి మీకు మిగిలేది కూడా ఆదాయమే. ఆదాయపు పన్ను రిటర్న్ వేసేటప్పుడు చూపించాలి. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షలు కాబట్టి చిన్న గ్రూపులకు ఆ సమస్య రాదు.

4. ముందుగా తీసుకున్న ఫీజు ఇంకా మీది కాదు

నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే, కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను.

ఒక జనవరిలో కొత్త సంవత్సరం ఊపులో పన్నెండు మంది ఒకేసారి చేరారు. నెలకు 600 ఫీజు. మూడు నెలలకు ఒకేసారి కడితే 1,500 అన్నాను. రెండు రోజుల్లో 18,000 వచ్చాయి. ఆ సాయంత్రమే కార్డు బిల్లు కొంత, పిల్లాడి స్కూలు ఫీజు కొంత కట్టేశాను. అప్పు తగ్గిందని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఫిబ్రవరిలో హాలు అద్దె, యోగా టీచర్ డబ్బు ఇవ్వాల్సి వచ్చేసరికి చేతిలో ఏమీ లేదు. మళ్లీ కార్డే గీకాను. అదే సమయంలో ఇద్దరు మధ్యలో మానేసి మిగతా డబ్బు అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమే.

మూడు నెలల డబ్బు తీసుకున్నారంటే మూడు నెలల పని బాకీ పడ్డారని అర్థం. నెల పని పూర్తయ్యాకే ఆ నెల వాటా మీ సంపాదన అవుతుంది.

పైగా ఆ డిస్కౌంట్‌ను వడ్డీగా లెక్కేసి చూడండి. మామూలుగా అయితే ఇవాళ 600 వచ్చేవి, ప్యాకేజీ వల్ల 1,500 వచ్చాయి. అదనంగా చేతికి అందింది 900. దాని బదులు తర్వాతి రెండు నెలల్లో రావాల్సిన 600, 600 వదులుకున్నారు, అంటే 1,200. ఇవాళ 900 తీసుకుని, నెలకు 600 చొప్పున రెండు నెలలు తిరిగి కట్టడం లాంటిదే ఇది. లెక్క కడితే నూటికి నెలకు 21 రూపాయల పైనే వడ్డీ. మూడున్నర రూపాయల కార్డు బాకీ తీర్చడానికి 21 రూపాయల వడ్డీకి తెచ్చానన్నమాట!

పద్ధతి ఇదీ:

- వీలైతే నెలనెలా ఫీజే తీసుకోండి. ఒకటో తేదీ నుంచి ఐదు లోపు.
- మూడు నెలలది తీసుకోక తప్పకపోతే డిస్కౌంట్ 50 రూపాయలు దాటనివ్వకండి.
- వచ్చిన మొత్తం గ్రూపు ఖాతాలోనే ఉండాలి. నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీసి ఏ నెల వాటా ఆ నెల గడిలో రాయండి. నెల చివరి రోజున ఆ గడి మీద టిక్కు పెట్టాకే ఆ డబ్బు ఖర్చుకు వస్తుంది.
- మానేసేవాళ్లకు డబ్బు ఎలా తిరిగి ఇస్తారో చేరినరోజే మెసేజ్‌లో రాసి పంపండి. మొదలైన నెల పోగా మిగిలిన నెలలవి పూర్తిగా ఇచ్చేయడం మా నియమం.

ఇప్పటికే ఖర్చు పెట్టేసి ఉంటే కంగారు పడకండి. ఇంకా ఎన్ని నెలల పని బాకీ ఉందో లెక్కేసి, ఆ మొత్తాన్ని మీ అప్పుల కాగితంలో ఐదో వరుసగా రాయండి. అది సున్నా అయ్యేదాకా గ్రూపు నుంచి మీరు ఒక్క రూపాయి తీసుకోవద్దు. హాలు వదిలేసి పార్కుకు మారండి. కొత్త ప్యాకేజీలు ఆపేయండి. నాకు అది తీరడానికి నాలుగు నెలలు పట్టింది.

5. గ్రూపు నెల లెక్క

పద్దెనిమిది మంది, ఒక్కొక్కరికి 600 అనుకుంటే జమ 10,800. ఖర్చు ఇలా:

- ఆదివారాలు హాలు: 2,000
- యోగా టీచర్: 3,000
- ప్రింట్లు, కాపీలు: 250
- ఫోన్ రీచార్జ్‌లో గ్రూపు వాటా: 150
- తూకం మిషన్, చాపలు మార్చడానికి పక్కన పెట్టేది: 400

మొత్తం 5,800. మిగిలేది 5,000.

కానీ ఈ 5,000 మీద ఇంటి బడ్జెట్ కట్టకండి. ఆషాఢంలో బోనాలు, ఆ తర్వాత శ్రావణం, పెళ్లిళ్లు, పిల్లల పరీక్షలు, రంజాన్ నెల. గ్రూపు పలచబడే నెలలు ఏడాదిలో మూడు నాలుగు ఉంటాయి. గత ఏడాది హాజరు పుస్తకం తీసి అందరికంటే తక్కువ మంది వచ్చిన నెల చూడండి. అది పద్నాలుగు అయితే జమ 8,400, మిగిలేది 2,600. అందులో 600 గ్రూపు నిల్వకు, 2,000 మీకు. ప్లాన్‌లో రాయాల్సింది ఈ 2,000 మాత్రమే. మంచి నెలలో అదనంగా వచ్చినది నేరుగా కార్డు బాకీకి.

6. ఇంటి బడ్జెట్

నెలకు ఇంటికి వచ్చేది 57,000 అనుకుందాం.

- అద్దె, మెయింటెనెన్స్: 15,000
- కిరాణా, కూరగాయలు, పాలు, గ్యాస్: 12,000
- స్కూలు ఫీజు నెల వాటా: 6,000
- కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్, ఫోన్లు: 3,500
- పెట్రోలు, ప్రయాణం: 3,000
- అమ్మ మందులు: 1,500
- ఏడాది ఖర్చుల డబ్బా: 2,500
- చేతి ఖర్చు: 500

మొత్తం 44,000. బాకీలకు 13,000. గ్రూపు నుంచి 2,000 కలిపితే 15,000.

ఎక్కువమంది వదిలేసేది ఆ ఏడాది ఖర్చుల డబ్బా. జూన్‌లో పుస్తకాలు, యూనిఫాం 10,000. దసరా, బతుకమ్మ, సంక్రాంతి కలిపి 10,000. పెళ్లి చదివింపులు, కానుకలు 6,000. బండి ఇన్సూరెన్స్, సర్వీసింగ్ 4,000. మొత్తం 30,000, నెలకు 2,500. ఈ ఖర్చులు ప్రతి ఏడూ వచ్చేవే. అయినా వచ్చిన ప్రతిసారీ అనుకోని ఖర్చు అంటూ కార్డు తీస్తాం. సొంతిల్లు ఉన్నవాళ్లు ఇందులో ఆస్తి పన్ను కూడా కలపండి. హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ) ముందస్తు చెల్లింపు పథకం ప్రకటించిన ఏడాది ఏప్రిల్ నెలాఖరులోపు కడితే 5 శాతం రాయితీ వస్తుంది.

ప్రయాణం దగ్గర ఒక మాట. తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు నుంచి ప్రయాణం ఉచితం. నేను ఆటో మాని బస్సు పట్టుకున్నాక ఆ గడి సగానికి పడింది. స్టాపు దాకా నడక అదనపు లాభం.

మొదటి నెల బాకీలకు వడ్డీ, కనీస మొత్తాలు కట్టి, మిగిలినది ముట్టుకోని నిధిగా పెట్టండి. ఎనిమిది తొమ్మిది వేలు చాలు. జ్వరం వచ్చినా, ఫ్రిజ్ ఆగిపోయినా కార్డు దాకా పోకుండా ఆపేది అదే.

7. ఏ అప్పు ముందు తీర్చాలి

వడ్డీ ఎక్కువ ఉన్నదే ముందు. నాకు ఇందులో రెండో ఆలోచన లేదు. ఒక్క మినహాయింపు: ఒకటి రెండు నెలల్లో తీరిపోయే చిన్న బాకీ ఏదైనా ఉంటే ముందు దాన్ని కొట్టేయండి. తలనొప్పి ఒకటి తగ్గుతుంది.

నిధి సిద్ధమైన మర్నెల నుంచి 15,000 ఇలా పంచండి. రెండు రూపాయల అప్పుకు వడ్డీ 1,200. గోల్డ్ లోన్ వడ్డీ 1,100. అన్నయ్యకు 1,000. మిగిలిన 11,700 కార్డుకు. కార్డు మీద కొత్తగా ఏమీ కొనకపోతే ఇలా తగ్గుతుంది:

- మొదటి నెల తర్వాత 69,521
- మూడో నెల తర్వాత 51,499
- ఐదో నెల తర్వాత 31,958
- ఏడో నెల తర్వాత 10,769
- ఎనిమిదో నెలలో సున్నా

మొదటి రెండు నెలలు తగ్గినట్టే అనిపించదు, ఎందుకంటే 3,221, 2,871 వడ్డీ, జీఎస్టీకే పోతాయి. అక్కడ వదిలేయకండి. ఆరో నెలకు వడ్డీ 1,320కి దిగి, కట్టిన దాంట్లో ఎక్కువ భాగం అసలుకు చేరుతుంది.

కార్డు తీరగానే ఆ 11,700 ఇంటి ఖర్చుల్లో కలిసిపోనివ్వకండి. రెండు రూపాయల అప్పు మీదకు మళ్లించండి. పదమూడో నెలకు అదీ పోతుంది. తర్వాత గోల్డ్ లోన్, ఇరవై రెండో నెలకు. అన్నయ్య బాకీ ఇరవై మూడో నెలలో ముగుస్తుంది.

అన్నయ్యది వడ్డీ లేని అప్పు కదా, చివర్న ఇద్దాంలే అని ఊరుకోకండి. నెలకు వెయ్యి అయినా తప్పకుండా పంపండి. నేను మొదటిసారి పంపినప్పుడు మా అన్నయ్య ఫోన్ చేసి "ఇప్పుడెందుకురా తల్లీ" అన్నాడు. ఆ తర్వాత రాఖీ పండక్కి తల ఎత్తుకుని వెళ్లగలిగాను.

గోల్డ్ లోన్ గడువు తేదీ మాత్రం గోడ క్యాలెండర్ మీద ఎర్రగా గుర్తుపెట్టండి. చాలా వాటికి గడువు ఏడాది. దాటితే వేలం నోటీసు వస్తుంది. ఒక నెల ముందే వెళ్లి మాట్లాడండి.

కార్డు బాకీని తక్కువ వడ్డీ లోన్‌తో తీర్చడం మంచిదే, కానీ అదే రోజు ఆ కార్డును బ్లాక్ చేయించాలి. లేకపోతే ఆరు నెలల్లో లోనూ ఉంటుంది, కార్డు బాకీ కూడా తిరిగి వస్తుంది.

8. వంటింట్లో రెండు లెక్కలూ కలుస్తాయి

బరువు తగ్గించే తిండి ఖరీదు అనేది నిజం కాదు. ఖరీదయ్యేవి డబ్బాల్లో వచ్చే పొడులు, విదేశీ గింజలు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండ పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దనే చెప్పింది. పప్పు, గుడ్లు, పెరుగు, మొలకెత్తిన పెసలు చాలు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది.

- వారానికి ఒకసారి ఎర్రగడ్డ రైతు బజారు, లేదా మీకు దగ్గర్లో ఉన్నది. లోపలికి వెళ్లగానే ధరల బోర్డు చదివి, ఆ వారం చవగ్గా ఉన్న రెండు కూరగాయలు, మూడు ఆకుకూరలు తీసుకోండి.
- జొన్నలు, కొర్రలు బేగంబజార్‌లో తక్కువకు దొరుకుతాయి కదా అని బస్తా ఎత్తకండి. నెలకు సరిపడా చాలు. పురుగు పడితే డబ్బూ పోయింది, తిండీ పోయింది.
- నూనె నెల మొదట్లోనే మనిషికి అర లీటరు కొలిచి సీసాలో పోయండి. నలుగురికి రెండు లీటర్లు. అయిపోతే ఆ నెల మిగతా రోజులు పోపుతో సరి.
- అన్నం మానొద్దు. గిన్నెతో కొలిచి, ముందు కూర, పప్పు వడ్డించుకుని తర్వాత అన్నం పెట్టుకోండి.

ఇంకో సంగతి, ఇది డబ్బుకూ ఒంటికీ రెండింటికీ శత్రువు. బాకీ ఫోన్ వచ్చిన సాయంత్రం నా చెయ్యి తెలియకుండానే ఉస్మానియా బిస్కెట్ల డబ్బా మీదకు వెళ్లేది. టీలో ముంచుకుంటూ ఆరేడు లాగించాక గానీ తెలిసేది కాదు. మా గ్రూపులో అడిగితే సగం మందిది ఇదే పరిస్థితి. వాయిదా తేదీలకు ముందు రోజు సాయంత్రం నడక పెట్టుకోండి. డబ్బు ముందే మూడో ఖాతాలో ఉంటే ఆ తేదీ భయం కూడా సగం పోతుంది.

గ్రూపులో ఎవరికైనా షుగర్ మందులు, ఇన్సులిన్ ఉంటే డాక్టర్ మాట లేకుండా తిండి తగ్గించనివ్వకండి, షుగర్ పడిపోతుంది. గర్భిణులను, బాలింతలను బరువు తగ్గే లెక్కలో పెట్టొద్దు. వారానికి అర కిలో నుంచి కిలో లోపే లక్ష్యం.

9. ఆదివారం తూకం: ఒకే పేజీ, రెండు గళ్లు

నోట్‌బుక్‌లో వారానికి ఒక పేజీ. ఎడమ గడిలో బరువు, నడుము చుట్టుకొలత. కుడి గడిలో మొత్తం బాకీ, ఆ వారం గ్రూపు ఖాతాలో నిల్వ. ఆదివారం పొద్దున ఇతరుల తూకాలు చూసి ఇంటికి రాగానే, టీ పెట్టకముందే, పది నిమిషాల్లో రాసేయండి.

నా పాత పేజీ ఒకటి ఇప్పుడు ముందు పెట్టుకున్నాను. ఎడమ గడిలో 74.2, కిందటి వారం కంటే 300 గ్రాములు ఎక్కువ. కుడి గడిలో 2,41,300, కిందటి వారం కంటే 11,000 తక్కువ. కింద పెన్సిల్‌తో "పెళ్లి భోజనం, కానీ కార్డు వాయిదా కట్టేశాను" అని ఉంది. రెండూ ఒకే వారంలో తగ్గాలని లేదు. ఒకటి పెరిగిన వారం రెండోదాన్ని కూడా వదిలేయకుండా ఆపింది ఆ పేజీయే.

సభ్యుల బరువు మాత్రం అందరి ముందు చదవకండి. ఒక్కొక్కరినే పిలిచి చూసి రాయండి. మీ బాకీ సంగతి సభ్యులకు చెప్పాల్సిన అవసరమూ లేదు.

10. ఎక్కువగా జరిగే తప్పులు, సరిచేసుకునే దారి

*పొడుల స్టాకు తెచ్చి అమ్మడం.* నేను కార్డు మీద 46,000 పెట్టి డబ్బాలు తెచ్చాను. ఎక్కువ కొంటే ఎక్కువ కమీషన్ అన్నారు. సగం గడువు తేదీ దాటి అలమారలోనే ఉండిపోయాయి. మీ దగ్గర స్టాకు ఉంటే ఇవాళే ఫోన్ చేసి, సీలు తీయనివి వెనక్కు తీసుకుంటారేమో అడగండి. అమ్మకం కోసం సభ్యుల మీద ఒత్తిడి పెట్టకండి. గ్రూపు నిలిచేది నమ్మకం మీద.

*ఇంట్లో జావ, రొట్టెలు చేసి అమ్మడం.* మంచి ఆదాయమే, కానీ ముందు ఆహార భద్రతా సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) రిజిస్ట్రేషన్ చేయించుకోండి. గ్యాస్, మీ పని గంటలు కూడా ఖర్చులో వేసి ధర పెట్టండి.

*బహుమతులు సొంత డబ్బుతో కొనడం.* గెలిచినవాళ్లకు స్టీలు డబ్బా, చీర అంటూ నెలకు వెయ్యి పోతుంది. బహుమతి గ్రూపు నిల్వ నుంచే, 200 దాటకుండా.

*పందెం డబ్బు.* అందరూ వెయ్యి వేసి ఎక్కువ తగ్గినవాళ్లు తీసుకోవడం. జనం తిండి మానేసి కళ్లు తిరిగి పడిపోతారు. ఆపేసి ఎవరి డబ్బు వాళ్లకు ఇచ్చేయండి.

*గ్రూపులో చిట్టీ నడపడం.* ఎంతమంది అడిగినా ఒప్పుకోకండి. చిట్టీలకు 1982 నాటి చట్టం ఉంది, రిజిస్ట్రేషన్ లేకుండా నడపకూడదు. ఒక్కరు ఎగ్గొడితే మీ నెత్తిన పడుతుంది.

*సభ్యులకు చేబదులు, జామీను.* "నాకే బాకీలున్నాయమ్మా, ఇవ్వలేను" అని నేరుగా చెప్పండి. ఆ మాట అనడానికి నాకు రెండేళ్లు పట్టింది. అన్నాక ఎవరూ దూరం కాలేదు.

*వాయిదాల మీద ట్రెడ్‌మిల్.* కాలనీలో జీహెచ్‌ఎంసీ ఓపెన్ జిమ్ ఉందేమో ముందు చూడండి.

11. బాకీ ఫోన్లు, లోన్ యాప్‌లు

ఒక నెల కట్టలేరని ముందే తెలిస్తే, తేదీ రాకముందే మీరే ఫోన్ చేయండి. కార్డు బాకీని వాయిదాలుగా మార్చమని అడగండి. వడ్డీ ఎంత పడుతుందో రాతపూర్వకంగా తీసుకున్నాకే ఒప్పుకోండి.

వసూలు ఏజెంట్లు పొద్దున 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం. బెదిరిస్తే తేదీ, సమయం, నంబరు రాసుకుని ముందు ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. సమాచారానికి 14448.

ఐదు నిమిషాల్లో డబ్బు అనే యాప్ ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు అడిగిందంటే అక్కడే తీసేయండి. మీ ఫోన్‌లో సభ్యులందరి నంబర్లు, వాళ్ల తూకం ఫొటోలు ఉన్నాయని మర్చిపోకండి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

12. బాకీ తీరిన రోజు చేయాల్సినవి

- కార్డు: బాకీ సున్నా అయ్యాక తర్వాతి బిల్లు కూడా చూడండి, మిగులు వడ్డీ కొంచెం పడుతుంది. అది కట్టి, బాకీ లేదన్న పత్రం తీసుకోండి.
- చేతి అప్పు: రాసిచ్చిన నోటు వెనక్కు తీసుకుని, మీ కళ్ల ముందే చించేయించండి. డబ్బు యూపీఐలోనే పంపండి.
- రెండు నెలలాగి క్రెడిట్ రిపోర్టు మళ్లీ తీసి, మూసేసినట్టు నమోదైందో లేదో చూడండి.
- గోల్డ్ లోన్: చీటీ పట్టుకుని ఇంకొకరిని తోడు తీసుకెళ్లండి. కౌంటర్ దగ్గరే కవరు విప్పించి, గాజులు, గొలుసు ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. తూకం వేయించి, చీటీలో రాసిన బరువుతో సరిపోయిందని చూసుకున్నాకే సంతకం పెట్టండి.